చదునులో నా వెనక ఉండే మిత్రుడు గుట్ట దారిలో నన్ను ఎలా దాటాడు?

పొద్దుటి_పరుగు:
అందరికీ నమస్కారం. ఇక్కడి పోస్టులు చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నా వయసు 41, బరువు 78 కిలోలు. మూడేళ్లుగా వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతున్నాను. చదును రోడ్డు మీద 10 కిలోమీటర్లకు నాకు 57 నిమిషాలు పడుతుంది. రోజూ నాతో వచ్చే మిత్రుడికి 60. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా అతను నాకంటే ముందు రాలేదు.

మొన్న ఆదివారం ఇద్దరం ఒక గుట్ట దారి రేసుకు వెళ్లాం. 5 కి.మీ. ఎక్కి, అదే దారిలో 5 కి.మీ. దిగాలి. మొత్తం ఎక్కుడు 240 మీటర్లు, వాలు మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకేలా ఉంది. మంచి తారు రోడ్డు, రాళ్లూ రప్పలూ ఏమీ లేవు. నాకు 72 నిమిషాలు పట్టింది. అతను 66 నిమిషాల్లో వచ్చేశాడు. అతని బరువు 61 కిలోలు.

ఆ తర్వాత మూడు రోజులు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. నాలో లోపం ఎక్కడుంది? బరువా, ఊపిరా, కాళ్ల బలమా? ఏది సరిచేసుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇంకో రెండు నెలల్లో అదే దారిలో మళ్లీ రేసు ఉంది.

గుట్ట_నేస్తం:
17 కిలోల తేడా అంటే సమాధానం మీ పోస్టులోనే ఉంది కదండీ. ఎక్కేటప్పుడు ప్రతి కిలోనూ పైకి మోయాలి. 17 కిలోలను 240 మీటర్ల ఎత్తుకు చేర్చడం చిన్న పని కాదు. బరువు తగ్గండి, గుట్ట దానంతటదే తేలికవుతుంది.

లెక్కల_రన్నర్:
గుట్ట_నేస్తం గారూ, బరువు ముఖ్యమే, కాదనను. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. చదునులో కూడా ఆయన ఆ 78 కిలోలనే మోస్తున్నారు. పరుగంటే ప్రతి అడుగుకూ ఒంటిని గాల్లోకి లేపి మళ్లీ పట్టుకోవడమే. ఆ బరువుతోనే చదునులో మిత్రుడి కంటే మూడు నిమిషాలు ముందుంటున్నారంటే, కిలోకు లెక్క వేసినా ఆయన ఇంజిన్ మిత్రుడి కంటే మెరుగ్గానే ఉందని అర్థం. మరి వాలు ఎక్కగానే ఆ ఆధిక్యం ఎక్కడికి పోయింది? బరువొక్కటే దీనికి జవాబు కాదు.

పొద్దుటి_పరుగు గారూ, మీ వాచీలో ఒక్కో కిలోమీటరుకు ఎంత పట్టిందో ఉంటుంది. అది పెట్టగలరా? మీ మిత్రుడిది ఎక్కడానికెంత, దిగడానికెంత అన్నది తెలిసినా చాలు.

పొద్దుటి_పరుగు:
ఇవిగోండి. ఎక్కేటప్పుడు 6:05, 7:10, 8:40, 9:25, 9:10. మొత్తం 40:30. నాలుగు, ఐదు కిలోమీటర్లలో మధ్యమధ్య నడిచాను. దిగేటప్పుడు 5:40, 5:55, 6:15, 6:40, 7:00. మొత్తం 31:30.

మిత్రుడు ఎక్కడానికి 38:30, దిగడానికి 27:30 తీసుకున్నాడు.

లెక్కల_రన్నర్:
ఈ అంకెలు చూశాక కాగితం మీద లెక్క వేయకుండా ఉండలేకపోయాను. కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

వాలు మీద పరుగుకు ఎంత శక్తి ఖర్చవుతుందో ఆల్బెర్టో మినెట్టి అనే శాస్త్రవేత్త బృందం కొలిచి 2002లో ప్రచురించింది. ట్రెడ్‌మిల్‌ను పైకీ కిందకీ 45 శాతం దాకా వంచి కొలిచారు. చదునులో కిలో బరువుకు, మీటరు దూరానికి దాదాపు మూడున్నర జౌల్స్ (శక్తి కొలమానం) ఖర్చు. పైకి వంచిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది. కిందకి వంచితే 20 శాతం వాలు దాకా తగ్గి, చదునులో అయ్యే ఖర్చులో సగానికి చేరుతుంది. ఇంకా వంచితే మళ్లీ పెరుగుతుంది, ఎందుకంటే అక్కడి నుంచి కాళ్లకు ఒంటిని ఆపుకోవడమే పెద్ద పని.

మీ దారి 5 కి.మీ.కు 240 మీటర్లు, అంటే 4.8 శాతం వాలు. ఆయన సమీకరణంలో పెడితే ఎక్కేటప్పుడు చదునుకంటే 29 శాతం ఎక్కువ ఖర్చు, దిగేటప్పుడు 23 శాతం తక్కువ. మీ చదును పేస్ కిలోమీటరుకు 5:42. అదే శ్రమతో వెళ్తే ఎక్కేటప్పుడు 7:20, దిగేటప్పుడు 4:24 రావాలి. మొత్తం 58:40.

మీకు పట్టింది 72. ఆ 13 నిమిషాల 20 సెకన్లు ఎక్కడ పోయాయో చూడండి. ఎక్కడంలో 3:50. దిగడంలో 9:30.

మీరు గుట్ట ఎక్కలేకపోయానని బాధపడుతున్నారు. అసలు నష్టం దిగేటప్పుడు జరిగింది.

కొత్తగా_మొదలు:
ఇది నాకు నమ్మబుద్ధి కావడం లేదు. దిగడం తేలిక కదా? ఊపిరి కూడా ఆడుతుంది. అయినా 5:42 పేస్ మనిషి 4:24తో దిగుతాడా?

లెక్కల_రన్నర్:
మంచి ప్రశ్న. ఆ లెక్క కేవలం శక్తి ఖర్చుది. గుండె, ఊపిరితిత్తులు అంత వేగానికి ఒప్పుకుంటాయి అని మాత్రమే చెబుతుంది. కాళ్లు ఒప్పుకోవాలని లేదు. పైగా మినెట్టి కొలిచింది కొండల్లో పరుగెత్తడం అలవాటున్న వాళ్లను. మనలాంటివాళ్లు 4:24తో దిగడం అరుదు. మిత్రుడి చదును పేస్‌తో లెక్కేస్తే ఆయనకు 38:38, 23:08 రావాలి. ఎక్కడం సరిగ్గా లెక్క ప్రకారమే 38:30లో ఎక్కారు. దిగడంలో మాత్రం ఆయన కూడా నాలుగు నిమిషాలకు పైగా పోగొట్టుకున్నారు.

ఇద్దరి మధ్య తేడా 6 నిమిషాలు. అందులో 2 ఎక్కడంలో, 4 దిగడంలో.

గుట్ట_నేస్తం:
నేను వేరే సూత్రం వాడతాను. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్లది. అందులో మీటరు దూరానికి కిలోకు 0.2 మిల్లీలీటర్ల ఆక్సిజన్, మీటరు ఎత్తుకు 0.9 మిల్లీలీటర్లు. దాని ప్రకారం ఈ వాలుకు పెరిగే ఖర్చు 22 శాతమే, ఎక్కడానికి 34:40 చాలు. మీ లెక్కకూ దీనికీ పొంతన లేదే.

లెక్కల_రన్నర్:
అవును, రెండూ కలవవు. అవి వేర్వేరు మనుషుల మీద, వేర్వేరు వేగాల్లో చేసిన కొలతల నుంచి తీసిన సగటులు. కానీ మీ సూత్రంలో దిగుడు లెక్కే లేదు, మనకు ఇక్కడ కావాల్సింది అదే. ఎక్కడానికి మీ సూత్రాన్నే తీసుకుంటే, నా 36:40కీ మీ 34:40కీ మధ్య ఉన్న 2 నిమిషాలు కూడా కలిసి ఎక్కడంలో నష్టం ఇంకా పెరుగుతుంది. అప్పటికీ దిగుడులో పోయిందే ఎక్కువ.

నిలకడ58:
లెక్కలు మీరు చూసుకోండి, నాకు మాత్రం ఆ మొదటి 6:05 కళ్లకు కొట్టినట్టు కనిపిస్తోంది. 29 శాతం అదనపు ఖర్చున్న వాలు మీద 6:05 అంటే చదునులో 4:43తో పరుగెత్తినట్టు. బాబూ, 57 నిమిషాల 10కె రన్నర్‌వి నువ్వు. 4:43తో ఎంతసేపు పరుగెత్తగలవు?

లాక్టేట్ థ్రెషోల్డ్ అంటారు కదా, ఆ గీత దాటితే, గట్టి శ్రమలో కండరాల్లో పుట్టే లాక్టేట్ రక్తంలో తీరేకన్నా వేగంగా పేరుకుంటుంది. గీతకు కొంచెం కింద గంటసేపు నిలబడగలవు, పైన కొద్ది నిమిషాలే. మొదటి కిలోమీటరులోనే గీత దాటేశావు. తర్వాత నాలుగు కిలోమీటర్లూ దానికి వడ్డీ కట్టావు. 8:40, 9:25 వచ్చింది అందుకే. మీ మిత్రుడు నెమ్మదిగా మొదలుపెట్టి ఉంటాడు, అడిగి చూడు.

నాకు 58 ఏళ్లు. గుట్ట కింద నిలబడితే వాచీలో పేస్ కనపడకుండా తెర మార్చేస్తాను. గుండె వేగం కూడా పెద్దగా చూడను, మణికట్టు వాచీ వాలు మీద కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. పైగా 220లోంచి వయసు తీసేసి గరిష్ఠ గుండె వేగం కట్టే లెక్క ఒక్కో మనిషికి నిమిషానికి పది, పన్నెండు స్పందనలు అటూ ఇటూ ఉంటుంది. మాట్లాడగలుగుతున్నానా లేదా అన్నదే నా కొలత. మూడు నాలుగు మాటలు ఒక్క ఊపిరిలో రావాలి. ఒక్క మాటకే రొప్పు వస్తే వెంటనే తగ్గిస్తాను.

పొద్దుటి_పరుగు:
నిలకడ గారూ, అడిగాను. అతని మొదటి కిలోమీటరు 7:35. నేను ముందు వెళ్లిపోతుంటే తనకు భయమేసిందట, అయినా ఆగాడట.

కానీ దిగుడు సంగతి నాకు ఇంకా అర్థం కావడం లేదు. దిగేటప్పుడు ఆయాసం లేదు. కిలోమీటరు కిలోమీటరుకూ నెమ్మదించాను. తొడల ముందు భాగం వణికింది. చివరి కిలోమీటరులో మోకాళ్లు మడుచుకుపోతాయేమో అనిపించింది. ఇంకో మాట చెప్పాలి, గుట్ట సాధన చేయకుండా వెళ్లలేదు నేను. రెండు నెలలు వారానికోసారి ట్రెడ్‌మిల్‌ను 6 శాతం వాలులో పెట్టి పరుగెత్తాను.

ఫిజియో_అడుగు:
మీ ఈ చివరి మాటలోనే అసలు కారణం ఉంది.

జిమ్‌లో ఉండే మామూలు ట్రెడ్‌మిల్ పైకి వంగుతుంది గానీ కిందకి వంగదు. రెండు నెలలు ఎక్కడం సాధన చేశారు, దిగడం ఒక్కరోజూ చేయలేదు. ఈ రెండూ కండరాలకు వేర్వేరు పనులు.

ఎక్కేటప్పుడు కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి నెడుతుంది. పిక్కలు, పిరుదుల కండరాలు, తొడలు అన్నీ కలిసి పనిచేస్తాయి. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బిగుసుకోవాలి, బ్రేకులాగా. దీన్ని ఎక్సెంట్రిక్ పని అంటాం. దీనికి ఆక్సిజన్ తక్కువే కావాలి, అందుకే మీకు ఆయాసం రాలేదు. కానీ కండర పోగుల మీద పడే లాగుడు చాలా ఎక్కువ. అలవాటు లేని కండరంలో సన్నని చీలికలు వస్తాయి, అక్కడికక్కడే బలం తగ్గుతుంది. మీ 5:40 కాస్తా 7:00 అయింది అందుకే. ఒకటి నుంచి మూడు రోజుల లోపు నొప్పి ముదురుతుంది. మీరు గోడ పట్టుకున్న మూడు రోజులు అవే.

నేలకు తగిలే బలం సంగతి కూడా చెబుతాను. గాట్‌షాల్, క్రామ్ అనే ఇద్దరు 2005లో కొలిచారు. 9 డిగ్రీల దిగుడులో, సెకనుకు 3 మీటర్ల వేగంతో పరుగెత్తితే, అడుగు పడగానే వచ్చే దెబ్బ చదునుకంటే 54 శాతం ఎక్కువ. వెనక్కి ఆపే బలం 73 శాతం ఎక్కువ. మీ వాలు 3 డిగ్రీల లోపే, కాబట్టి అంత ఉండదు. అయినా 5 కిలోమీటర్లలో ఐదు వేల అడుగుల పైనే పడతాయి.

శుభవార్త ఏమిటంటే కండరం దీన్ని చాలా త్వరగా నేర్చుకుంటుంది. ఒక్కసారి ఓ మోస్తరు దిగుడు సాధన చేస్తే ఆ రక్షణ కొన్ని వారాల దాకా ఉంటుంది. రెండోసారి అదే దారిలో దిగితే నొప్పి బాగా తగ్గుతుంది. నా దగ్గరకు వచ్చే రన్నర్లలో నేను తరచూ చూసేది ఇదే. ఎక్కడానికి నెలల తరబడి కష్టపడతారు. దిగడమంటే విశ్రాంతి అనుకుంటారు.

కొత్తగా_మొదలు:
మరి చదునులో బాగా పరుగెత్తేవాళ్లకు ఎక్కుడులో ఎందుకు తేడా వస్తుంది? పేస్ సరిచేసుకుంటే సరిపోతుందా, ఇంకేమైనా ఉందా?

ఫిజియో_అడుగు:
ఉంది. చదునులో కాళ్లు బంతిలా పనిచేస్తాయి. అడుగు పడినప్పుడు మడమ వెనక ఉండే అకిలీస్ టెండన్, పాదం వంపు సాగి శక్తిని దాచుకుంటాయి, లేచేటప్పుడు తిరిగి ఇస్తాయి. 1987లో కెర్, అలెగ్జాండర్ బృందం వేసిన లెక్క ప్రకారం అడుగులో ఒంటికి అటూ ఇటూ మారే శక్తిలో మూడో వంతు దాకా అకిలీసే దాచిపెట్టగలదు. కొందరికి ఈ సాగుడు గుణం పుట్టుకతోనే బాగుంటుంది, కొందరికి ఏళ్ల సాధనతో వస్తుంది. తక్కువ ఆక్సిజన్‌తో ఎక్కువ వేగం రావడాన్ని రన్నింగ్ ఎకానమీ అంటాం కదా, అందులో దీనికి పెద్ద పాత్ర ఉంది.

గుట్ట ఎక్కేటప్పుడు ఆ బంతి గుణం అంతగా అక్కరకు రాదు. ఒంటిని పైకి చేర్చే పనిని దాచుకున్న శక్తి చేయలేదు, కండరం కొత్తగా పుట్టించాలి. స్ప్రింగు మీద ఎక్కువగా ఆధారపడే రన్నర్‌కు ఎక్కుడులో ఆ లాభం తగ్గుతుంది. తొడ, పిరుదు, పిక్కల్లో నిజమైన బలం ఉన్నవాడికి, కిలోకు ఎక్కువ ఆక్సిజన్ అందుకునేవాడికి లాభం.

కాబట్టి ఒకే మనిషిలో మూడు వేర్వేరు పరీక్షలు అనుకోండి. చదునులో ఎకానమీ, థ్రెషోల్డ్. ఎక్కుడులో కిలోకు వీఓటూ మ్యాక్స్ (ఒళ్లు అత్యధికంగా వాడుకోగల ఆక్సిజన్), కాలి బలం. దిగుడులో బ్రేకు వేసే కండరం, అడుగు మీద అదుపు.

నిలకడ58:
బరువు విషయం మళ్లీ ఒకసారి. గుట్ట_నేస్తం చెప్పిందీ అబద్ధం కాదు. కొవ్వు తగ్గి కండ నిలిస్తే ఎక్కుడులో తప్పకుండా తేలిక. ప్రమాదమల్లా ఆ మాట విని తిండి మానేసేవాళ్లతోనే. నేను యాభై దాటాక అదే చేశాను. ఆరు కిలోలు తగ్గాను, ఎక్కుడులో ఇంకా నెమ్మదించాను. పోయింది కండ. వయసుతో పాటు కండ ఎలాగూ కరుగుతుంది, దానికి నేను సాయం చేసినట్టయింది. తర్వాత వారానికి రెండు రోజులు బరువులతో స్క్వాట్లు, పిక్కల వ్యాయామం మొదలుపెట్టాక గుట్ట మళ్లీ దారికొచ్చింది.

ఫిజియో_అడుగు:
నిలకడ గారు చెప్పినదాన్ని తేలిగ్గా తీసుకోకండి. శ్రమకు తగ్గ తిండి లేకపోతే ఎముకలు, హార్మోన్లు, నిద్ర అన్నీ దెబ్బతింటాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టింది, రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి లోటు) అని. ఇది ఎలీట్ క్రీడాకారులకే వచ్చేది కాదు.

సన్నజాజి_రన్స్:
ఈ చర్చలో ఎవరూ రక్తం గురించి మాట్లాడలేదు, అందుకే రాస్తున్నాను.

నిరుడు నాకు చదునులో అర నిమిషమే తేడా వచ్చింది, గుట్ట ఎక్కితే మాత్రం ఊపిరి అందేది కాదు. కాళ్లు బలహీనమనుకుని ఇంకా ఎక్కువ సాధన చేశాను. ఇంకా నీరసపడ్డాను. చివరికి రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 10 ఉంది, ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ బాగా తక్కువ. ఒక గ్రాము హిమోగ్లోబిన్ దాదాపు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 13 ఉండాల్సిన చోట 10 ఉంటే ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 17కు బదులు 13 మిల్లీలీటర్లే వెళ్తుంది. దాదాపు పావు వంతు తక్కువ! నెమ్మదిగా పరుగెత్తితే గుండె వేగం పెంచుకుని సర్దుకుంటుంది. ఎక్కుడులో గుండె అప్పటికే చివరి మెట్టు మీద ఉంటుంది, సర్దుకోవడానికి చోటుండదు. అందుకే లోపం నాకు గుట్ట మీదే బయటపడింది.

నెలసరిలో రక్తం ఎక్కువగా పోయే అక్కాచెల్లెళ్లు, దయచేసి ఒకసారి పరీక్ష చేయించుకోండి. పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు మాత్రం వేసుకోకండి, ఎక్కువైనా ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు వాడితే నాలుగు నెలల్లో నాకు తేడా తెలిసింది. ఆ నాలుగు నెలల ముందు నన్ను నేను ఎంత తిట్టుకున్నానో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

గుట్ట_నేస్తం:
సన్నజాజి గారూ, చాలా ఉపయోగపడే మాట. నేను బరువు ఒక్కటే అని తేల్చేయడం తొందరపాటే.

దిగుడు గురించి బోస్టన్ మారథాన్ గుర్తొచ్చింది. అక్కడ మొదలు కంటే ముగింపు దాదాపు 140 మీటర్లు దిగువన ఉంటుంది. రికార్డు నిబంధన ప్రకారం కిలోమీటరుకు మీటరు కంటే ఎక్కువ దిగుడు ఉండకూడదు. 2011లో జెఫ్రీ ముటాయి అక్కడ 2:03:02లో పరుగెత్తినా ప్రపంచ రికార్డుగా లెక్కించకపోవడానికి అదొక కారణం. అంత దిగుడున్నా మామూలు రన్నర్లు అక్కడ తేలిగ్గా మంచి టైమ్ చేయలేరు. 32 కి.మీ. దాటాక వచ్చే హార్ట్‌బ్రేక్ హిల్ ఎత్తు చూస్తే 27 మీటర్లే, కానీ అక్కడికి చేరేసరికి మొదట్లో దిగిన దిగుడంతా తొడల్లో ఉంటుంది. ఎక్కుడు దగ్గర ఆగిపోతారు, దెబ్బ తగిలింది మాత్రం దిగుడులో. ఇన్నాళ్లూ ఇది తెలిసి కూడా మీ విషయంలో నాకు తట్టలేదు.

కొత్తగా_మొదలు:
ట్రెడ్‌మిల్ మాట వచ్చింది కాబట్టి, బయటి పరుగుకు సమానం కావాలంటే 1 శాతం వాలు పెట్టాలని అందరూ అంటారు. నిజమేనా?

లెక్కల_రన్నర్:
1996లో జోన్స్, డౌస్ట్ చేసిన పని నుంచి వచ్చిన మాట అది. బయట గాలి అడ్డుకుంటుంది, గదిలో అడ్డుకోదు, ఆ తేడాను 1 శాతం వాలు పూడుస్తుంది. వాళ్లు చూసిన వేగాలు గంటకు 10.5 కి.మీ. నుంచి 18 దాకా. మన వేగాల్లో గాలి అడ్డు చాలా తక్కువ, పెట్టకపోయినా నష్టం లేదు.

పొద్దుటి_పరుగు:
ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. ఫిజియో గారూ, రెండు నెలలే ఉంది. దిగుడు ఎలా మొదలుపెట్టాలి?

ఫిజియో_అడుగు:
మొదట నొప్పి పూర్తిగా పోనివ్వండి. తర్వాత 3, 4 శాతం మెత్తని వాలు చూసుకుని, ఒక నిమిషం దిగి, నడుస్తూ పైకి వచ్చి, మళ్లీ దిగండి. మొదటి రోజు నాలుగుసార్లే. కాళ్లలో ఇంకా శక్తి ఉన్నా అక్కడే ఆపేయండి. వారానికి ఒక్కసారి చాలు, మెల్లగా ఎనిమిది దాకా పెంచండి. రేసుకు ముందు పది రోజులు దిగుడు సాధన వద్దు.

దిగేటప్పుడు భయంతో వెనక్కి వాలతాం. అప్పుడు పాదం ఒంటికంటే బాగా ముందు పడి ప్రతి అడుగూ బ్రేకు అవుతుంది. అడుగు చిన్నది చేసి, త్వరత్వరగా వేయండి. చూపు పాదాల మీద కాకుండా నాలుగైదు మీటర్ల ముందుండాలి. ఇంట్లో ఒక మెట్టు మీద నిలబడి, ఒక కాలితో మూడు సెకన్లు తీసుకుంటూ నెమ్మదిగా కిందకి దిగే వ్యాయామం వారానికి రెండుసార్లు చేయండి.

ఒక హెచ్చరిక. తొడల్లో మామూలు నొప్పికీ, విపరీతమైన వాపుకూ తేడా ఉంది. వాపుతో పాటు మూత్రం ముదురు రంగులోకి మారితే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఎక్కేటప్పుడు ఛాతీలో బరువు, నొప్పి అనిపించినా అంతే.

పొద్దుటి_పరుగు:
తొమ్మిది వారాల తర్వాత మళ్లీ వచ్చాను. నిన్న అదే దారిలో రేసు అయింది.

65:40. ఎక్కడం 38:50, దిగడం 26:50. బరువు 77.5, పెద్దగా మారలేదు. మొదటి కిలోమీటరు 7:30 పెట్టాను. వందమంది నన్ను దాటి వెళ్తుంటే కాళ్లు పరుగు అందుకోబోయాయి, నిలకడ గారి మాట గుర్తు చేసుకుని పెదవులు కదుపుతూ అంకెలు లెక్కపెట్టుకున్నాను. మూడో కిలోమీటరు నుంచి వాళ్లలో చాలామందిని మళ్లీ చూశాను. ఈసారి ఎక్కడా నడవలేదు.

మిత్రుడు 64:50. ఇంకా అతనే ముందు, కానీ దిగుడులో అతని వీపు కనిపిస్తూనే ఉంది.

ఫిజియో_అడుగు:
చాలా సంతోషం! దిగుడులో చివరి కిలోమీటరు ఎంత? ఈరోజు మెట్లు ఎలా ఉన్నాయి?

పొద్దుటి_పరుగు:
చివరిది 5:15. అన్నిటికంటే వేగంగా వచ్చింది అదే. మెట్లు దిగేటప్పుడు తొడలు కొంచెం పట్టేసినట్టున్నాయి, గోడ మాత్రం అవసరం పడలేదు.